ఝ

శనివారం నాలుగింటికి ఫీజు ఆఖరు.
ఇయ్యాల గురువారం.

అడిక్‌మెట్ వంతెన దిగంగనే
ఇరానీ హోటలుకూ మందుల దుకాణానికీ నడుమ
ఆరడుగుల కొట్టు మాది.
మాది అంటే ఖలీల్ భాయ్‌ది.
ముందు నా కంప్యూటరు, వెనక ఆయన బైండింగు.
మైదా గంజిల ఇంత మైలుతుత్తం కలుపుతడు
పురుగు పట్టకుండ.
పదమూడేండ్లు, నా అన్నం డబ్బాల కూడ అదే వాసన.

నలభై మూడు థీసిస్‌లు కొట్టిన ఈ వేళ్లతోని.
పత్తి ధరలు, జోగినుల పాటలు,
మూసీ వరద మీద ఒకటి, శతకాల మీద తొమ్మిది.
పాత ఫాంటు యూనికోడుకు మారిస్తే
వత్తులన్నీ రాలిపోతయ్.
రాత్రి పదింటి దాక ఒక్కొక్కటి ఏరి అతికిచ్చిన,
బియ్యంల రాళ్లు ఏరినట్టు కాదు,
రాళ్లలకెల్లి బియ్యం ఏరినట్టు.

కృతజ్ఞతల పేజీ అందరిదీ చదువుత.
అమ్మకు, గైడుకు, హాస్టలు మెస్సుకు,
ఒకాయన తన స్కూటరుకు కూడ చెప్పుకున్నడు.
టైపు చేసిన సోదరికి అని ఇద్దరు రాసిన్రు.
అందుల ఒకరు నా పేరు తప్పు రాసిన్రు.
నా పేరే కదా, దిద్దొచ్చు.
దిద్దలే.

పోయిన ఏడు ఒక పిలగాడు పెన్‌డ్రైవ్ తెచ్చిండు.
మూడో అధ్యాయం తెరిస్తే
దురాచారం ఉండాల్సిన కాడ
దూరాచారం అని ఉంది.
ఆ దీర్ఘం నాది.
ఏడేండ్ల కింద, పాపకు జ్వరమొచ్చిన రాత్రి,
ఇంకెవరి థీసిస్‌లనో నేను పెట్టిన దీర్ఘం.
లైబ్రరీల పండుకొని, లేచి,
ఈ పిలగాని చేతికెక్కి
మళ్ల నా దగ్గరికే వచ్చింది, చెల్లని బిళ్ల లెక్క.
ఎవ్వరికీ చెప్పలే. రెండు రోజులు నవ్వుకున్న.
మూడో రోజు పీహెచ్‌డీ ఎంట్రెన్సు ఫారం నింపిన.

తెలుగు అచ్చుతప్పుల మీద చేస్త అంటే
ఇంటర్వ్యూల అందరు నవ్విన్రు.
ఒక్క సారు నవ్వలే.
ఆయన థీసిస్ కొట్టింది నేనే.

సీటొచ్చింది. అప్పటిసంది లెక్కలు.
జీతం పదహారు వేలు, అది ఆగుతది.
ఫెలోషిప్పు రాదు, ర్యాంకు అంత దూరం పోలే.
మా ఆయన ఉప్పల్ డిపోల మెకానిక్కు.
"చదువుకో, నేనేమన్న వద్దన్ననా" అన్నడు.
అన్నప్పుడు చేతిల పానా కింద పెట్టలే.
"నలభై దాటినంక డాక్టరమ్మవైతవా,
సూది ఎవరికేస్తవ్" అని ఆడబిడ్డ.
పాపకు ఈసారి పదో తరగతి.
నా పక్కన కూసొని రాస్తవా, అని అడిగింది.
అది ఒక్కటే సక్కగ అడిగింది.

నిజం చెప్పాల్నంటే నా భయం పైసలు కాదు.
ఇన్నేండ్లు ఎడమ పక్క కాయితం పెట్టుకొని
చూసి కొట్టిన.
ఆ కాయితం తీసేస్తే
ఈ వేళ్లు ఎటు పోతయ్?
నిన్న రాత్రి షట్టరు సగం దించి
కొత్త ఫైలు తెరిచిన.
కర్సరు కొట్టుకుంటనే ఉన్నది, జామై ఉస్మానియా కాడ
సిగ్నలు లేక ఆగిన రైలు కూత పెడుతనే ఉన్నది.
అరగంటకు ఒక వాక్యం వచ్చింది.
అందుల మూడు తప్పులు.
మూడూ నావే.

పొద్దున ఖలీల్ భాయ్‌కి చెప్పిన.
ఏమీ అనలే. నా పేరు కాయితం మీద రాసియ్యమన్నడు.
తెలుగు చదవరాదు ఆయనకు,
అక్షరాలను మొఖాలు పట్టి గుర్తుపడతడు.
అట్టల మీద బంగారు పేర్లు అద్దే అచ్చుల పెట్టె
ముందలేసుకొని కండ్లద్దాలు తుడుచుకొని
చానాసేపు దేవులాడిండు.
"ఈ మొదటి మొఖం నా పెట్టెల లేదు ఝాన్సీ.
ముప్పై ఏండ్లల ఎవ్వరికీ అక్కర పడలే."
పోసేటాయన అఫ్జల్‌గంజ్‌ల ఒక్కడే మిగిలిండట,
ఆయనకు చెయ్యి వణుకుతదట.
"ఎప్పటికి కావాలె?"
ఇంకా ఏం అనుకోలే భాయ్, అన్న.
అయినా అయిదేండ్లు పడతది, అన్న.
రెక్సిన్ కోసే కత్తి పక్కకు పెట్టిండు.
"అయిదేండ్లంటే
ఇయ్యాల్నే చెప్పి రావాలె."