ఖాళీ అనే రంగు

ఆ తెలుపు వేసింది నేనే.
వేయడమంటే ఏముంది, కాగితాన్ని అలా వదిలేయడమే.
ఊదా అంటే కర్మాగారాలు, పసుపు ఇళ్ళు, ఎరుపు బజారు.
ఏ రంగుకీ అందని చోటుని
మా పురపాలక కార్యాలయంలో ఖాళీ అంటాం.
కంపాలా శివార్లలోని కిటోసి చిత్తడినేల
నా బల్ల మీద
రెండంగుళాల ఖాళీ.

అభ్యంతరాలకి ముప్పై రోజుల గడువు.
ప్రకటన ఇంగ్లీషులో,
అంటించింది గేటుకి లోపలి వైపు.

ఇరవై ఎనిమిదో రోజున నకిబూకా వచ్చింది.
నెత్తిమీది చేమదుంపల బుట్ట దించకుండానే
"ఇందులో మేమెక్కడ?" అంది.
చూపించాను.
చాలాసేపు చూసి
"మమ్మల్ని కడిగేశారే" అంది.
వెళ్తూ వెళ్తూ అడిగింది, మీ ఇల్లెక్కడని.
కొండ మీద అన్నాను.
"అయితే మాకొచ్చే నీళ్ళు మీవే."

నాలుగు వందల పన్నెండు వేలిముద్రలు పడ్డాక
గడువు పొడిగించారు.
దయ కలిగి కాదు,
ఛైర్మన్ ఊళ్ళో లేడు.

వాళ్ళు కొలవడం మొదలుపెట్టారు.
మూరకో ముడి వేసిన తాడు,
ఒక కొస పిల్లల చేతిలో, ఒక కొస సెకిటోలెకో చేతిలో.
పాపిరస్ జమ్ము ఎక్కడ ఆగుతుందో,
ఊట ఎక్కడ పుడుతుందో,
ఇటుక బట్టీ ఏ కాలవకి అడ్డం పడిందో.
తలుపుల మీద బొగ్గు గీతలు కూడా రాసుకున్నారు.
పోయిన ఏప్రిల్లో మోకాలు. నవంబర్లో నడుము.
ఒక తలుపు మీద గీత లేదు, పేరుంది.
నబ్బోసా.
అక్కడ తాడు చుట్టేసి
పక్కింటికి నడిచారు.

తప్పులు పట్టడానికి నన్ను పంపారు.
రబ్బరు బూట్లేసుకుని వెళ్ళాను.
నా యంత్రానికీ వాళ్ళ తాడుకీ తేడా
ఒక జానెడు.

"నేనూ మట్టి పోశాను, రాసుకో" అన్నాడు సెకిటోలెకో.
"పదకొండు లారీలు.
పిల్లల్ని నీళ్ళలో పడుకోబెట్టలేక.
ఎగువన గోడౌన్ల వాళ్ళు పదకొండు వందలు పోశారు.
వాళ్ళకి పత్రం ఉంది."
తిలాపాపం తలా పిడికెడు అని
చేతులు దులుపుకోవచ్చు.
కానీ పిడికిళ్ళన్నీ ఒక్క కొలతేనా?

విచారణలో మనిషికి మూడు నిమిషాలు.
లుగాండా నుంచి ఇంగ్లీషులోకి మార్చడానికే
ఒకటిన్నర పోయింది.
మిగిలిన దాంట్లో నకిబూకా:
"నీళ్ళు పడుకునే చోట నీళ్ళని పడుకోనివ్వండి.
మేం పడుకునే చోట మమ్మల్ని.
మధ్యలో గీత గీస్తారా, గీయండి.
తాడు రెండో కొస మాత్రం
మా చేతికివ్వండి."
గంట మోగింది. కూర్చుంది.
గోడౌన్ల లాయరు పదిహేను నిమిషాలు మాట్లాడాడు,
ఆ గంట ఎందుకో మూగబోయింది.

గెలిచారా అంటే ఏం చెప్పను.
కాలవకి రెండు పక్కలా ముప్పై మీటర్లు
ఎవరూ పూడ్చరాదని ఒప్పుకున్నారు.
ఎగువ ఊదా మాత్రం ఊదాగానే ఉంది.
ఆ ముప్పై మీటర్లలో పదిహేడు ఇళ్ళు పడ్డాయి.
అందులో ఒకటి సెకిటోలెకోది,
తాడు పట్టినవాడిదే.
ఆ రాత్రి కిటోసిలో ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదట.
తెల్లారాక మళ్ళీ అందరూ వచ్చారు,
ఒక్క వాక్యం కోసం:
బదులు స్థలం చూపించేదాకా
ఏ ఇంటినీ కదపరాదు.

ఆ వాక్యం మూడు బల్లలు దాటింది.
నాలుగోది నాది.

పచ్చ పెన్సిల్ చెక్కుతున్నాను.
కొండ మీద వాన మొదలైంది.
నీరు పల్లమెరుగు.
మా ఇంటి చూరు నుంచి ఈపాటికి
బయల్దేరే ఉంటుంది.