ఈ మాట ఏ భాషది సార్?

ఫారంలో బడి పేరు దగ్గర గీత ఉంది.
నా కూతురు పెన్ను ఎత్తి నా వైపు చూసింది.
'ఇల్లు అని రాయి' అన్నాను.
రాసింది. కింద ఊరు, ఎర్రగుంట్ల,
స్టేషన్ బోర్డు మీద ఉన్నట్టే, ముందర ఒక వై తగిలించి.
ఆ వై ఎవరు పెట్టినారో
రైలు దిగేవాళ్ళెవరూ అడగరు.

మేము బ్లాక్‌బోర్డు కొనలేదు.
నడవాలో నల్లబండలు పరిచినాం,
పాలిష్ మిషన్ మీద అంచు విరిగి, ఓనరు వద్దన్నవి.
వాటి మీదే కాశింబీ సుద్దముక్కతో మాటలు రాసేది,
ఎసట్లో బియ్యం పోసి ఒకటి,
సంగటి ముద్దలు చేసి చెయ్యి కడుక్కోని ఇంకొకటి.
పొద్దున చీపురు పడితే
ముందు చదవల్ల, తర్వాతే ఊడ్చల్ల. అది రూలు.
నేను పనినుంచి వచ్చి కాలు పెట్టే చోటు వెతుక్కునేవాణ్ణి.
నా మడమ కింద చెరిగినవన్నీ
మళ్ళీ నాతోనే రాయించేది,
నాకు రానివి కూడా.

బడి ఎందుకు మాన్పించినారని అడుగుతారు.
ఐదో తరగతిలో, నీళ్ళు కావాలని తెలుగులో అడిగిందని
మెడలో అట్టముక్క తగిలించినారు,
సాయంత్రం దాకా.
ఇంటికొచ్చి ఏడవలేదు.
ఆ అట్ట మీద ఇంగ్లీషులో ఒక అక్షరం తక్కువుందని చెప్పింది.
మర్నాడు వాళ్ళమ్మ పంపలేదు.
ఆ మర్నాడూ పంపలేదు.
అట్ల మూడేండ్లు.

ఇంగ్లీషు మీద మాత్రం కోపం లేదు దానికి.
మాట లోపల మాట్లాడని అక్షరాలుంటాయంట,
మోకాలికి ముందర ఒక కె, కత్తికి ముందర ఒక కె.
'పలకనప్పుడు ఎందుకుమ్మే, కూడు దండగ' అంది మా అమ్మ.
పాప లోపలికి పోయి నా బిల్లు పుస్తకం తెచ్చింది.
కడప పేరు మారి ఇన్నేండ్లైనా
మా బండల బిల్లు మీద పాత స్పెల్లింగే,
రెండు డీలు, చివర్న ఒక హెచ్.
సముద్రం అవతల బండ ఆ పేరుతోనే అమ్ముడుపోతాది.
'జేజీ, ఈ హెచ్ కూడు తింటా లేదు, పెడతాంది.'

పోటీ కడపలో, ఒక కల్యాణమండపంలో.
టైలు కట్టుకున్న పిల్లోళ్ళు, బడికొక రంగు.
మాదానికి రంజానుకు కుట్టించిన పచ్చ చుడీదారు,
దానికి పిన్నుతో గుచ్చిన నంబరు.
మైకులో ఆయప్ప గుల్జారును గుల్జారీ చేసినాడు.
అక్షరం అక్షరం చెప్పి సరిదిద్దింది.
హాలంతా నవ్వింది. అది నవ్వలేదు.

నాలుగు రౌండ్లు. నాకు ఒక్క మాటా తెలీదు,
గంట మోగకపోతే చాలని
కుర్చీ కింద వేళ్ళు లెక్కబెడతాన్నా.
ఐదో రౌండులో 'బ్యాండికూట్.'
గొంతు సవరించుకోని అడిగింది,
'ఈ మాట ఏ భాషది సార్?'
ఆయన కార్డు తిప్పి చూసినాడు.
'తెలుగు.'
నేను కుర్చీలో సర్దుకోని కూర్చున్నాను.
'అర్థం?'
'పెద్ద జాతి ఎలుక. ధాన్యం తింటాది.'

పందికొక్కు!
మొన్న మా శెనక్కాయల మూట కొరికి,
దాని నోటుపుస్తకం మూల కూడా నమిలిందే, ఆ పందికొక్కే.
ఎరిగినోళ్ళు బజార్లో ఎదురైనట్టు నవ్వి
గబగబా మొదలుపెట్టింది,
పి, ఏ, ఎన్, డి,
చివరిదాకా ఎక్కడా ఆగలేదు.

గంట.

మొదటి అక్షరం తప్ప మిగతావన్నీ సరిగ్గానే ఉన్నాయంట.

బస్సులో కమలాపురం దాటేదాక మాట్లాడలేదు.
తర్వాత అంది,
'అది పంది కదా నాన్నా.
తీసకపోయినోళ్ళకు సరిగ్గా వినపళ్ళేదు.'
'ఆయప్పతో చెప్పల్సింది.'
'చెప్పినా. పుస్తకంలో ఉండేదే కరెక్టంట.'
టికెట్టు వెనక ఏందో రాసుకునింది, నాకు చూపియ్యలేదు.

ఇంటికొచ్చేసరికి నడవా అంతా కడిగేసి ఉంది.
కాశింబీ సుద్దముక్క చాపింది.
బిడ్డ తీసుకోలేదు, చెప్పులు ఇడిసి
తడి బండల మీద నిలబడింది శానాసేపు.

ఆ రాత్రి గోడ కాడ,
బొక్కకు అడ్డం పెట్టిన బండ వెనక, బరబరా గీకుడు.
కర్ర కోసం లేచినాను.
గోడవైపు తిరిగి పడుకున్నది నిద్రలోనే అంది,
'కొట్టద్దు నాన్నా. బి వచ్చింది.'