ఆరు రెక్కల్లో రెండు

మా పెద్దకొత్తపల్లి దిక్కు
ఇంజన్లు నీళ్లు లేక ఉడుకుతయ్.
బాయి అడుగంటి, ఫుట్‌వాల్వు గాలి మింగి
ఆగిపోతయ్.
ఇరవై యేండ్లు గదే రిపేరు చేసిన.
గందుకే కుర్మయ్య సోమశిల కాడినుంచి ఫోన్ చేసి
"మేస్త్రీ, నడి కృష్ణల ఇంజన్ మండుతున్నది" అంటే
నవ్వొచ్చింది.

పుట్టిల పోయిన.
యూరియా సంచులు కుట్టిన తెరచాప ఎత్తి
కొట్టుకపోకుండ నిలవట్టిండు పడవను.
నీళ్లు దుంకాల్సిన గొట్టంల నుంచి
ఉత్త ఆవిరి.
మూతమీద చెయ్యేయబోతే ఆపిన.
చల్లారనియ్యి.
తొందరపడ్డోని మొఖం ఒకటి చూసిన నేను, చాలు.

బీడీ ఒడిసేదాక కూసున్నం.
నాలుగు మేకలు, మిరప బస్తాలు,
గొడుగు కింద ఒక అంగన్‌వాడీ టీచరు.
చుట్టూ ఇన్ని నీళ్లు,
నడుమ దూపకు సచ్చిన ఇనుము.

మొదలు బెల్టు. బొటనేలుతో నొక్కిన, గట్టిగనే ఉన్నది.
ఆయిల్ పుల్ల. నలుపే, తెల్లనురుగు లేదు, బతికినం.
జాలి విప్పితే
గుర్రపుడెక్క వేరు, వలతాడు ముక్క, షాంపూ ప్యాకెట్.
కడిగి స్టార్ట్ చేస్తే
మళ్ల గదే ఆవిరి.

ఇగ పంపు.
మూడు బోల్టులు వచ్చినయ్.
తుప్పుపట్టిన నాలుగోదాన్ని
కుర్మయ్య బిడ్డ మల్లీశ్వరి
సుత్తెతోని మెల్లగ తట్టి తట్టి ఒప్పిచ్చింది.
లోపల రబ్బరు చక్రం, పండ్లూడిన నోరు.
ఆరు రెక్కలకు నాలుగే.

బియ్యం డబ్బల దాచిన కొత్తది తీసి
"ఏస్తే అయిపాయె గదా" అన్నడు కుర్మయ్య.
కాదు.
పోయిన రెండూ ఏడికి పోయినయో చూడాలె.
రబ్బరు కరగదు.
ఏదో మలుపుల ఒదిగి కూసుంటది,
రేపటి నీళ్లకు అడ్డం పడ్తది.

గొట్టాలు ఒక్కొక్కటి విప్పి ఊదిన.
నోట్ల కృష్ణ, కృష్ణల గ్రీసు.
వంపు కాడ ఒకటి దొరికింది, చింతగింజంత.
మల్లీశ్వరి అరచేతుల పెట్టుకొని
"రెండోది?" అన్నది.

పొద్దు వంగి
నీళ్లు ఎర్రమట్టి రంగు తిరిగేదాక ఎతికినం.
మేకలు అరిచినయ్. టీచరమ్మ గడియారం చూసుకున్నది.
ఆఖరికి కొత్త చక్రం ఏసి హ్యాండిల్ తిప్పితే
గొట్టం రెండుసార్లు దగ్గి
ధారగ దుంకింది.

"గుంజకు, నిమ్మలంగ నడుపు,
గడియకోసారి గొట్టం పట్టి చూడు" అన్న.
పైసలియ్యబోతే సగమే తీసుకున్న.
మిగతా సగం
ఆ ముక్క దొరికినంక.