ఇతరములు

ఐదింటికే వచ్చి కూర్చున్నాను
భీమవరం కాలవ వంతెన మలుపులో,
మూసున్న మందుల షాపు మెట్టు మీద.
ఒళ్ళో అట్ట, అట్టకి క్లిప్పు, క్లిప్పు కింద ఫారం.
రోజుకి ఆరువందలు. టిఫిను మనదే.

కార్లూ జీపులకో గడి. లారీలకో గడి.
బస్సులకి, ఆటోలకి చెరొకటి.
మోటారు సైకిళ్ళకి కాస్త వెడల్పుగా.
చిట్టచివర, కాయితం కోసుకుపోయే అంచున
వేలెడంత సందు:
ఇతరములు.

నాలుగు నిలువు గీతలు, మీదొక అడ్డగీత, అయిదు.
చేపల మేత లారీ ఒకటి.
నీళ్ళోడుకుంటూ ఐసు బండి ఒకటి.
పొద్దు ఇంకా విచ్చుకోకముందే
రొయ్యల షెడ్డుకెళ్ళే ఆడవాళ్ళు వచ్చారు,
ఒకరి వెనక ఒకరు,
రోడ్డంచు తెల్లగీతకీ మురుక్కాలవకీ మధ్య
జానెడు చోటులో.
చేతుల్లో కారేజీలు,
నిన్నటి ఐసుకి నాని పాలిపోయిన వేళ్ళు.

పెన్నెత్తి ఆగిపోయాను.
ఫోన్ చేస్తే సూపర్‌వైజరు ఆవులిస్తూ అన్నాడు:
"నడిచేవాళ్ళు ట్రాఫిక్కు కాదమ్మా.
మరీ మనసొప్పకపోతే ఇతరముల్లో వెయ్యి,
ఎడ్లబండితో పాటు."

ఎడ్లబండి రాలేదు ఆ పూట.
దీనమ్మ వచ్చింది, కుడికాలు కొంచెం ఈడుస్తూ.
ఆమె వెనక ముప్ఫై ఏడుగురు.
ఆపైన సైకిళ్ళు. సైకిలుకీ గడి లేదు.
పాలక్యాన్లవాడు, పేపర్లవాడు,
బొండాల గెలలు కట్టుకున్న సైకిలొకటి,
తొక్కే మనిషి కనబడడు,
గెలలే ఊరు చూడ్డానికి బయల్దేరినట్టు.

ఎనిమిదిన్నరకి వంతెన బిగుసుకుంది.
నావంత పొడుగు తెల్లకారు,
లోపల ఒక్కడే మనిషి, చలిగాలి.
దానికొక గీత.
వెనక నరసాపురం బస్సు,
లోపల డెబ్భైమంది, మెట్టు మీద ఆరుగురు,
కిటికీలోంచి లోపలికి విసిరిన రుమాళ్ళు వేరే.
దానికీ ఒక్క గీతే.

పదకొండింటప్పుడు ఏడుకొండలు వచ్చి పక్కన చతికిలబడ్డాడు.
వంతెన దిగువ పంక్చర్లేస్తాడు.
"ఏం రాత్తన్నారండీ?"
చెప్పాను. కాలవ మీద స్లాబేసి
నాలుగు వరసల రోడ్డు పోస్తారట,
ఎన్ని బళ్ళో తేలాలి కదా అని.
గుర్రపుడెక్క వంక చాలాసేపు చూశాడు.
"మా తాత దీని మీదే పడవ నడిపాడండి.
గట్టు మీంచి తాడేసి లాగేవోరు.
ధాన్యం, కొబ్బరికాయలు, పెళ్ళివోరు, పురిటికెళ్ళే ఆడకూతుళ్ళు.
మాకు రోడ్డంటే ఇదే.
రోడ్డు మీద రోడ్డేత్తారన్నమాట."
లేవబోతూ అడిగాడు:
"పడవకి గడుందాండి అందులో?"
లేదన్నాను.
"ఎలాగూ రాదులెండి. ఊరకే అడిగాను, ఆయ్."

మధ్యాహ్నానికి ఇతరములు నిండిపోయింది.
గీతలు అంచు దాటాయి,
హెడ్డింగు మీదకెక్కాయి,
ఆటోల గడిలోకి చొరబడ్డాయి,
నిలబడ్డానికి చోటు లేక
మనుషులు రోడ్డెక్కుతారే, అలా.

కాయితం తిప్పాను.
వెనకంతా కోతయిన చేనంత తెరిపి.
అక్కడ అడ్డగీత మానేశాను.
ఎవరి గీత వాళ్ళకి.
బడిపిల్లలకి పొట్టి గీత.
చేతికర్ర ముసలాయనకి పక్కనే ఇంకో సన్న గీత.
చంకన బిడ్డుంటే, గీత నడుమున చుక్క.
దీనమ్మ తిరిగొచ్చేటప్పుడు
నా చెయ్యి దానంతటదే కాస్త ఒరిగింది.

చీకటి పడ్డాక సూపర్‌వైజరు వచ్చాడు.
బండి దిగకుండానే కాయితం అందుకున్నాడు.
ముందువైపు టోటల్ వేసి, ఫోనులో ఫోటో కొట్టుకుని
ఎందుకో తిప్పి చూశాడు.
"వెనకేంటమ్మా ఇది, వాన గీశావా?"

నేనేం చెప్పలేదు.
ఆరు నోట్లు లెక్కపెట్టుకుని మడిచి
తెల్లగీతకీ మురుక్కాలవకీ మధ్య
ఇంటిదారి పట్టాను.
వెనక ఎవరిదో హారను, ఆగకుండా.
తప్పుకోడానికి ఎటూ లేదు.
నడిచాను.