పది నంబరు గాలం

బడి బస్సు ఆఖరి ట్రిప్పు అయిపోయింది.
తాళాలు మేకుకి తగిలించి అట్నుంచటే
ఆర్డెల్ వాళ్ళ పశువుల కుంటకొచ్చాను.
మే నెలాఖరు. మిస్సోరీ కొండల వెనక్కి
ఎండ ఇంకా జారలేదు.

దగ్గుబిళ్ళల రేకు డబ్బాలో ఇరవైమూడు ఈగలు.
ఒక్కటీ నిజం ఈగ కాదు.
బెండుతో చేసిన పచ్చ కప్పమూతి,
నీళ్ళ మీద బుడుంగుమంటుంది చాటింపు వేసినట్టు.
కాళ్ళు ఎక్కువై ఎటు నడవాలో తెలియని రబ్బరు సాలీడు.
చీమంత చీమ.
పాత స్వెట్టరు విప్పిన ఊలుతో నేనే కట్టినది ఒకటి,
అది ఏ పురుగో నాకూ తెలీదు,
చేపలు ఎప్పుడూ అడగలేదు.

"నీళ్ళకేసి కాదు, చేప నోటికేసి చూసి ఎంచు"
అని నేర్పాడు ఆర్డెల్,
రంపం మిల్లు తినగా మిగిలిన తొమ్మిదిన్నర వేళ్ళతో
దారం బిగిస్తూ.
బ్లూగిల్ నోరు చొక్కా కాజా అంత.
పెద్ద ఈగ వేస్తే ముద్దు పెట్టి పోతుంది.
పది నంబరు గాలం చాలు, మరీ పెంకిగా ఉంటే పన్నెండు.
ఎండకి పసుపు, మబ్బుకి నలుపు.
ఏదీ తోచకపోతే నలుపే.

ఇంత తెలిసీ నా వేలు
ఒక్కోదాని మీదా ఆగి, దాటి, వెనక్కొచ్చి,
చివరికి కప్పమూతి కట్టి గట్టువారగా విసిరాను.
నీరు కుదురుకోకముందే లాగేసింది.
రెండోసారీ అంతే.
మూడోసారి, సరదాకి, ఆ ఊలు ముద్ద.
దానికీ పడింది.
నాలుగోసారి ఒట్టి గాలానికి గడ్డిపోచ చుట్టి వేశాను.
దానికీ!

ఇంత పనిమంతురాలినా నేను, అనుకుంటూ వంగి చూశాను.
మోకాలి లోతులో, కంకర మీద,
పక్కపక్కనే పోసిన అట్లలా గూళ్ళు.
ఒక్కోదాని మీదా ఒక మగచేప, రాగి రంగు రొమ్ము,
తోకతో వాకిలి ఊడుస్తూ, గుండ్రంగా తిరుగుతూ.
ఆకలి కాదది.
గుమ్మంలోకొచ్చినదాన్నల్లా
నోట కరిచి బయట పారేస్తోంది.

నా చేతిలోది అరచెయ్యంత కూడా లేదు,
ముళ్ళు నిక్కించి నన్నే చూస్తోంది.
ఈలోపు దాని గూట్లోకి
దూరాయి నాలుగు బుల్లి చేపలు, గుడ్ల మీదకి.
గాలం ఊడదీయడానికి పట్టింది రెండు ఊపిర్లు.
వాటికది చాలు.

పదిహేడేళ్ళుగా బస్సు నడుపుతున్నాను.
గేటు దగ్గర నిలబడే ముఖాలు నాకు తెలుసు.
పిల్ల దిగి రోడ్డు దాటేదాకా
చూపంతా నా చక్రాల మీదే.

వదిలాను.
నన్ను తిట్టడానికైనా ఆగకుండా
తిన్నగా ఇంటికి పోయింది.

కుంట అవతలికి, లోతు వైపు నడిచాను.
అక్కడ ఆకలైనవే వస్తాయి.
నెమలీక పోగు చుట్టిన పురుగు కట్టి ముంచాను,
లెక్కపెట్టాను, లాగాను, మళ్ళీ ముంచాను.
పొద్దు వాలేదాకా ఒక్కటీ రాలేదు.

గట్టు మీద ట్రక్కులోంచి
అద్దం దించి అరిచాడు ఆర్డెల్:
"నల్లది పెట్టు!"

మసక వెలుతురు. దారం కంట్లోంచి తప్పింది
ఒకసారి, రెండుసార్లు.
నాలికతో తడిపి
నల్లది పెట్టాను.