అచ్చరం

వేమనపల్లి రేవుల ఎనిమిది మంది ఎక్కిన్రు,
రెండు మేకలు, ఒక కుట్టుమిషిను,
మిరపకాయ బస్తాలు నాలుగు.
ప్రాణహిత సగం దాటినంక
ఇంజను బెల్టు కీచుమన్నది.

మొదలు ఎవ్వలు పట్టించుకోలే.
మేకలే చెవులు నిక్కబొడిచినయ్.
తర్వాత ఆవిరి లేచింది.
నీళ్ళు చిమ్మే పైపు
పసిపిల్లగాని ఉచ్చ లెక్క సన్నగై,
ఆగి,
మల్ల రెండు చుక్కలు కక్కి ఊకున్నది.

కింద ఇంత నది.
మీద ఇంజనుకు నాలుక పిడచగట్టింది.

ఆపిన. చప్పుడు పోయినంక
నది ఎంత మెల్లగ మాట్లాడుతదో ఎరుకైంది.
పదమూడు నంబరు పానా తీసి
బోల్టు వదులుచేసి, తెడ్డు కొస సందుల పెట్టి
పంపును ఇవతలికి గుంజి బిగిచ్చిన.
బొటనవేలితోని ఒత్తితే అరంగుళం దిగాలె అంటడు
మా మేనమామ గట్టయ్య.
అరంగుళమే దిగింది.
హ్యాండిలు తిప్పిన. కీచు.
ఇంకింత బిగిచ్చిన. వేలు దిగుతనే లేదు.
కీచు.

సబ్బు రాయుమన్నడు కుట్టుమిషినాయన.
బూడిద చల్లుమన్నడు మిరపకాయలాయన.
గంగమ్మకు మొక్కుమన్నది ఒకామె.
సబ్బు రాసిన.
మొక్కిన గూడ.

పడవ ముక్కు కాడ సుంకవ్వ కూసున్నది.
నలభై ఏండ్లు పిండిగిర్ని నడిపిన మనిషి,
ఆ మోతకే చెవులు పోయినయ్.
కీచు ఆమెకు అందలే,
కాలిన రబ్బరు వాసన అందింది.
బస్తాలు దాటుకుంట వచ్చి
నన్ను భుజం పట్టి జరిపింది.

కొంగుతోని సబ్బు తుడిచింది, తిట్టుకుంట.
పుల్లీ గాడిల గోరు పెట్టి చూపెట్టింది:
అడుగు అద్దం లెక్క మెరుస్తున్నది,
పక్కల తుప్పు ఎట్లున్నది అట్లనే ఉన్నది.
"ఏ బెల్టు తెచ్చినవ్‌రా?"
చెవుల నోరు పెట్టి అరిచిన, నలభై రెండు!
"నంబరు గాదు. అచ్చరం?"

అచ్చరం చూసిన. చూసే తెచ్చిన.
బి లేదు, ఏ తీసుకపో,
పొడుగు ఒక్కటే గదా అన్నడు చెన్నూరు దుకాణపాయన.
ముప్పై రూపాలు తక్కువ.
ఆ ముప్పైతోని బస్టాండు కాడ మిర్చి బజ్జీలు తిన్న.
ఇది గట్టయ్య మామకు ఇప్పటికీ తెల్వది.

"బెల్టు అడుగున కూసోవద్దు బిడ్డా,
పక్కలను కరుచుకోవాలె.
సన్నది పెట్టినవ్, లోపటికి జారి కూసున్నది.
కూసున్నది పని జేస్తదా?
నువ్వు గుంజిన కొద్దీ అడుగుకే పోతది.
ఇంకింత గుంజు, బేరింగు గూడ పోతది."

నడి నదిల బి బెల్టు ఏడ దొరకాలె?
సుంకవ్వ చూపు తెడ్ల మీదికి పోయింది.
పోయిన వారం నేనే విప్పిన పాత బెల్టు,
పారెయ్య బుద్ధిగాక
తెడ్లకు రెండు చుట్లు చుట్టిపెట్టిన.
ఎండి, పగుళ్ళు పట్టి, అంచుకు పోగులు లేచి.
కుట్టుమిషినాయన కత్తెర అడుక్కొని
ఆ పోగులు ఒక్కొక్కటి కత్తిరించింది,
పసిదాని గోర్లు తీసినట్టు.

ఎక్కిచ్చిన.
తన బొటనవేలు పెట్టి ఒత్తింది సుంకవ్వ.
వేడి పిండి వేళ్ళ నడుమ నలిపి
బరక ఉన్నదో మెత్తగైందో చెప్పిన వేలు అది.
"చాలు."
ఇంకొంచెం బిగిద్దునా అని అడిగిన.
చెవుడు గదా.

పైపు దగ్గింది, ఉమ్మింది,
దారగట్టి పోసింది.
అప్పటికే ఒక మేక
మిరపకాయ బస్తా తాడు సగం నమిలింది.

అవతలి ఒడ్డున పైసలు వద్దన్న సుంకవ్వకు.
నా చెయ్యి గుంజి ఇచ్చింది.
ఒక మనిషికి కిరాయి ముప్పై రూపాలు.

మర్నాడు చెన్నూరు పోయి బి కొన్న.
బజ్జీల బండి ముందట నుంచే నడిచిన.
కొత్తది ఎక్కిచ్చి
పాతదాన్ని మల్ల తెడ్లకే చుట్టిన,
ఈసారి
ఒక్క చేతితోని ఊడివచ్చేటట్టు.