ముప్పై ఒకటో పేరు

ఐపీ పెట్టిందట, అన్నారు.
పెట్టడమంటే అప్పటిదాకా నాకు
పొయ్యి మీద ఎసరు, నుదుట బొట్టు, వాకిట్లో ముగ్గు.
ఇది పెట్టాక
వీధి వీధంతా తలుపులు పెట్టుకుంది.

తుఫాను నెలలో ఓడెక్కిన లేసు
తేమ తగిలి, పసుప్పచ్చ మరకలతో తిరిగొచ్చింది.
మూడొందల టేబుల్ క్లాతులు.
నేను ఏడవలేదు, ఉతికాను.
పోలేదు.

ప్రకటన పడిన పేపర్లోనే
చేపల బజార్లో నాకు సావిడాయలు చుట్టిచ్చారు.
పిటిషనరు: యర్రంశెట్టి నాగరత్నం, లేసు వ్యాపారం, నరసాపురం.
కింద వరసగా ప్రతివాదులు.
బ్యాంకు ఒకటి, దారం షావుకారు రెండు,
అలా దిగగా దిగగా
ముప్పై ఒకటి, మేడిది ఎస్తేరు, సీతారాంపురం,
నాలుగు వేల ఎనిమిది వందల అరవై.
ఎనిమిది నెలలు కళ్ళు పొడుచుకుని అల్లిన కూలి అది.
చేప నీళ్ళకి సిరా కరిగి
ఆ అంకె నా వేళ్ళకంటింది.

నాలుగేళ్ళ తర్వాత
బ్యాంకులో కొత్తగా చేరిన కుర్రాడు చెప్పాడు:
పదిహేను వేలు మీరే డిపాజిట్ చెయ్యండి మేడం,
దాని మీద పన్నెండు వేలకి కార్డిస్తాం.
నా డబ్బు నాకే అప్పు.
సరే అన్నాను.
నెలకో గ్యాస్ బండ, అంతకు మించి గీకను.
బిల్లు రాగానే కట్టేస్తాను.
ఫోన్లో సిబిల్ అంకె కదులుతుంది,
ఐదు వందల ఎనభై ఏడు,
ఐదు వందల తొంభై ఎనిమిది.
జ్వరం చూసుకున్నట్టు చూసుకుంటాను,
కాకపోతే ఇది పెరగాలి.

మొన్న పంటు మీద సఖినేటిపల్లి వెళ్తుంటే
టికెట్ కుర్రాడికి ఐదొందల నోటిచ్చాను.
చిల్లర లేదండీ, రేపిద్దురు గానీలెండి, అని
పక్కావిడ దగ్గరికి జరిగిపోయాడు.
వశిష్ఠ నడిమధ్యలో అలా నిలబడిపోయాను.
వాడికి నేనెవరో తెలీదు.
తెలిస్తే?
పది రూపాయలే.
ఈ నాలుగేళ్ళలో నన్ను చూసి
ఎవరైనా 'రేపు' అనడం అదే.

మర్నాడు పనేం లేకుండా రేవుకెళ్ళాను.
కుర్రాడు రాలేదు.
వాడి బదులున్న ముసలాయన
'ఏ పది రూపాయలండీ?' అన్నాడు, తీసుకోలేదు.
మూడోనాడు దొరికాడు. మర్చిపోయాడు కూడా.
నాణెం జేబులో వేసుకుని
పిచ్చిదాన్ని చూసినట్టు నవ్వాడు.

అట్నించటే ఎస్తేరు ఇంటికి.
గుమ్మంలో కూర్చుని అల్లుతోంది, తలెత్తలేదు.
పంటు మీద చిల్లర దొరకని ఆ నోటే
చాప మీద పెట్టాను.
దీనికి ఏ ఫోన్లోనూ ఏ అంకే కదలదు.
సూది ఆగలేదు.
'కోర్టోళ్ళు కొట్టేశారు కదండీ' అంది.
ఇదివరకు 'రత్నమ్మా' అనేది.
'నేనూ కొట్టేశాను.'

మేకుకి వేలాడే పుస్తకం దించి చూపించింది.
నా పేరు మీద అడ్డంగా నీలం గీత.
పక్క పేజీలో, చర్చి పొదుపు కింద,
వాళ్ళాయన పేరు మీదా అలాంటిదే.
ఆయన పోయి మూడేళ్ళు.

కొట్టెయ్యకు ఎస్తేరూ, అన్నాను.
మళ్ళీ రాయి. బాకీ అనే రాయి.
వందమంది ముందు అప్పడిగిన నోరే,
అంత వణకడం ఎప్పుడూ ఎరగను.

ఏమీ అనలేదు.
చేతిలోని పువ్వులో ఎక్కడో గొలుసు తప్పినట్టుంది,
దారం లాగి, లాగి,
తప్పిన చోటి దాకా విప్పుకుంటూ పోయింది.
చాలా సేపటికి
'పెన్నుందా' అంది.

నాలుగు వేల మూడు వందల అరవై.
వంకర అక్షరాల్లో నా పేరు, కొత్త వరసలో.
తర్వాత ఆ నోటుని తీసి
వాకిట్లో ఎండకెత్తి పట్టుకుని
అసలుదో కాదోనని చూసింది.

చూడనీ.